పీటల మీది కత్తి

మా అక్క పెళ్లి మట్టెవాడలోని మా ఇంట్లో, తలుపులు మూసుకుని, ఒక కత్తితో జరిగింది. వరుడు రాలేనప్పుడు ఆయన కత్తిని పీటల మీద ఉంచి పెళ్లి జరిపించడం సంస్థానాల్లో చెల్లే ఆచారమే. మా దేశ్‌ముఖుల పిల్లను కోడలిగా రాజావారు ఒప్పుకోరు కనుక, యువరాజే తన కత్తిని రహస్యంగా పంపాడు. అక్క ఆ కత్తి మీదే తలంబ్రాలు పోసింది.

ఆ ఏడాదే ఆయనకు మరో సంస్థానంలో సంబంధం కుదిరిందని విని, హనుమకొండలోని ఆయన బంగ్లాకు వెళ్లాను.

“బావగారూ, మా అక్క సంగతేంది?”

“ఎవనికి బావ? కాలేజీ డిబేట్‌ల కప్పు గెలిచినవట గద! చెప్పు, పీటల మీద నన్ను చూసినవా?”

“మీ కత్తిని చూసిన.”

“అయితే దాన్నే అడుగు,” అని నవ్వాడు. “అన్నట్టు, అది మా తాతది. రేపు పంపియ్యి.”

ఎంతటి ప్రత్యర్థి అయినా తానన్న మాటకు కట్టుబడతాడన్న నమ్మకంతోనే నేను వాదన నేర్చుకున్నాను. ఆ నమ్మకం ఆ గదిలో ఎందుకూ కొరగాలేదు.

ఇంటికి వచ్చి అక్కకు అంతా చెప్పాను.

“కత్తిని అడిగిండా?”

“అడిగిండు.”

“నన్ను అడగలేదా, తమ్మీ?”

అక్క లోపలికి వెళ్లి కత్తిని తెచ్చి నా చేతికిచ్చింది.

“పిడికున్న పసుపు తుడవకు. అట్లనే ఇయ్యి.”