ఎందుకో చెప్పి శిక్ష వేసిన మనిషి

ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టరుగారు మైకు వదలకుండా, జడ్జిగారు తెల్లవారుజామున కన్నుమూశారని చెప్పారు. మగవాళ్ళ వైపు కూర్చున్న మా తమ్ముడు లేచి బయటికి వెళ్ళిపోయాడు. వాణ్ణి జైలుకు పంపింది ఆయనే. అయినా మా ఇల్లంతా ఆయనకు రుణపడి ఉంది.

అప్పట్లో తమ్ముడు నూజివీడు దగ్గర ఒక మామిడి తోటకు కాపలా ఉండేవాడు. కాయ పోతే కౌలుదారుకు సమాధానం చెప్పుకోవాలి. పక్క తోటకు కోతకొచ్చిన కూలీ ఒకాయన బోరు దగ్గర నీళ్ళు తాగడానికి వస్తే, దొంగనుకుని కర్రతో కొట్టాడు. ఆయన చెయ్యి విరిగింది. కేసయింది. "ఆ పక్క తోటోళ్ళకి పెద్దోళ్ళ అండ ఉంది, మనకెవరున్నారే" అని అమ్మ ఏడ్చేది. అది విని తమ్ముడు పళ్ళు నూరేవాడు. జైలుకన్నా వాడి కసికే నేను ఎక్కువ భయపడ్డాను.

నేరం రుజువైందని చెప్పాక జడ్జిగారు ఇంగ్లీషు తీర్పు పక్కన పెట్టి తెలుగులో మొదలుపెట్టారు. "కారణాలన్నీ అందులో రాశారు కదండీ" అన్నాడు మా లాయరు.

"రాసింది పైకోర్టు కోసమండీ. జైలుకెళ్ళేది ఇతను. ఎందుకెళ్తున్నాడో ఇతనికి తెలియాలిగా" అని తమ్ముడి వైపు తిరిగారు.

"తోటలో మనిషి కనపడగానే భయపడి కొట్టావు. ఆ దెబ్బ నాకు అర్థమైంది. ఆయన కిందపడి, నీళ్ళకొచ్చానయ్యా అన్నాక ఇంకోటి కొట్టావు. ఈ శిక్ష దానికి. తర్వాత ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది కూడా నువ్వే, అందుకని తగ్గించాను. ఆరు నెలలు. ఇప్పుడు నువ్వు చెప్పు, ఎందుకు పడింది?"

ఆయన కోర్టులో అదొక పద్ధతి. శిక్ష పడినవాడు తన నోటితో కారణం చెప్పేదాకా కేసు కట్ట మూసేవారు కాదు. తమ్ముడు, "పడిపోయినోణ్ణి కొట్టానండి" అన్నాడు. వాడి కసి అక్కడే సగం చచ్చింది. అమ్మ కూడా మళ్ళీ ఎవరి అండ గురించీ ఎత్తలేదు.

రిటైరయ్యాక జడ్జిగారు మా వీధి చివర ఇల్లు కట్టుకున్నారు. కారణాల పిచ్చి మాత్రం తగ్గలేదు. రసాలు బేరమాడి కొనకపోతే, ఎందుకు కొనలేదో బండివాడికి విడమరిచి చెప్పేవారు. పాపం, వాడు ఈలోగా ఇంకో బేరం పోగొట్టుకునేవాడు. "కూరలో ఉప్పు తక్కువైతే చాలు, పావుగంట తీర్పు చదువుతారమ్మా" అని ఆయన భార్య నవ్వేవారు.

ఒకసారి అడిగాను, అందరికీ అలా చెప్పాలని రూలుందాండీ అని.

"రాయాలని ఉందమ్మా. ఎదురుగా నిలబెట్టి చెప్పాలని ఉందో లేదో వెతుక్కుంటూ కూర్చోలేదు. మనిషి అక్కడే నిలబడి ఉన్నాడుగా!"

నేను టీచర్ని. పిల్లల్ని క్లాసు బయట నిలబెట్టే ముందు ఎందుకో చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. చెప్పబోతే కారణం దొరక్క, లోపలే కూర్చోబెట్టిన రోజులూ ఉన్నాయి.

సోమవారం ఆయన్ని సమాధుల తోటకు తీసుకువెళ్ళాం. పెట్టెకు ముందు వరసలో తమ్ముడు భుజం పట్టాడు. పక్కన నడుస్తున్న బంధువొకాయన, "మీరు జడ్జిగారికి ఏమవుతారండీ?" అని అడిగారు.

"నాకు శిక్ష వేశారండి" అన్నాడు తమ్ముడు.

భుజం మార్చుకోమని వెనకవాళ్ళు ఎంత చెప్పినా వినకుండా, ఆ మండుటెండలో తమ్ముడు గుంట దాకా పెట్టెను మోస్తూనే నడిచాడు.