టైర్ల షాపు మీది రేడియో

మొన్న ఎయిర్‌పోర్టుకు వెళ్తూ చూస్తే, మా ఊరి శివారు ఎటోబికోలో ఆ టైర్ల షాపు పైఅంతస్తుకి డెంటిస్టు బోర్డు తగిలించి ఉంది. ఒకప్పుడు అక్కడ మెక్సికన్ రేడియో ఉండేదంటే ఎవరూ నమ్మరు. ఒక పెద్దాయన, ఆయన భార్య కలిసి పెట్టారు. రెండే గదులు, గోడలకు పాత దుప్పట్లు. కింద టైర్లు బిగించే మెషిన్ మోగినప్పుడల్లా పెద్దాయన మాట ఆపి పాట వేసేసేవారు. ఆదివారం పొద్దున్న ఒక గంట మా తెలుగు చర్చికి ఇచ్చారు. నేను బైబిలు వాక్యం, చర్చి కబుర్లు చదివేదాన్ని. అయ్యేసరికి ఆవిడ మొక్కజొన్న పొత్తి ఆకుల్లో ఉడికించిన తమాలెలు విప్పి పెట్టేవారు. మన ఆవిరి కుడుములే అనుకుని కొరికితే లోపలి మిరపకాయకి నా కళ్లల్లో నీళ్లు తిరిగేవి. నన్ను "ఎర్మానా" అనేవారు, చెల్లీ అన్నట్టు.

వాళ్ల శ్రోతలు చుట్టుపక్కల పొలాల్లో, గ్రీన్‌హౌసుల్లో ఎనిమిది నెలల పర్మిట్ మీద పనికొచ్చే మెక్సికో మనుషులు. ఇళ్ల నుంచి ఫోన్లో వచ్చిన కబుర్లు పెద్దాయన పేరూ ఊరూ చెప్పి చదివేవారు: ఒకరికి కూతురు పుట్టింది, ఇంకొకరి ఊళ్లో వానలు పడ్డాయి.

తర్వాత ఆయనకు గొంతులో కేన్సరొచ్చింది. ఆపరేషన్‌తో మాట పోయింది. మైకంటే భయపడే ఆవిడే, ఆయన పలక మీద రాసి చూపిస్తుంటే చదువుతూ కొన్నాళ్లు నెట్టుకొచ్చారు. ఈలోగా అందరి చేతుల్లోకీ వీడియో కాల్స్ వచ్చేశాయి. కబుర్లు తెచ్చే ఫోను మోగడం తగ్గింది. మూసేద్దామని ఆయనే రాసి చూపించారట.

ఆఖరి ఆదివారం ఆవిడ నన్ను ఉండిపొమ్మన్నారు. "ఈయన మాట్లాడలేరు, ఇవాళ మీరే మాట్లాడండి" అని మైకులో శ్రోతలకు చెప్పారు. కాసేపు ఫోను మోగలేదు. తర్వాత ఆగకుండా మోగింది. పెద్దాయన హెడ్‌ఫోన్లు రెండు చేతులతో అదిమిపట్టుకుని విన్నారు. ఒకతను చెప్పింది ఆవిడ నాకు మెల్లగా ఇంగ్లీషులో వివరించారు: "మా అమ్మ పోయిందని మీ నోటే విన్నాను. ఆ గంటంతా మీరు డాన్సు పాట ఒక్కటీ వెయ్యలేదు."

పెద్దాయన పలక తీసుకుని, అతను చెప్పకపోయినా, అతని తల్లి పేరు రాశారు. ఆవిడ ఆ పేరు మైకులో చదివారు. అవతల ఏడుపు వినిపించింది. ఆవిడ లైను కట్ చెయ్యలేదు.

ఆ చలికాలం దాటకుండానే పెద్దాయన పోయారు. ఆవిడ మెక్సికోలో అక్కగారింటికి వెళ్లిపోయారు. ఆ మెట్లెక్కిన ఆదివారాలు ఎన్నో నేను లెక్క పెట్టుకోలేదు. గడుస్తున్నంతసేపూ కాలం ఇంకా బోలెడు మిగిలి ఉన్నట్టే ఉంటుంది.