తెలియని మాటకి గట్టు

మా తాత శ్రీకాకుళం తీరంలో ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్ రేవులో దిగినప్పుడు ఆయన వెంట ఒక వల, ఒక చెంబు, నాలుగు రోజుల వాంతులతో ఖాళీ అయిన కడుపు ఉన్నాయట. ఆయన మనవణ్ణయిన నేను పోర్ట్‌బ్లెయిర్ దగ్గర వండూర్‌లో మావాళ్ళ చేపల సంఘానికి కంప్యూటర్ ప్రోగ్రాం రాసేటంత వాణ్ణయ్యాను. ఆ కంప్యూటర్ తెర ఎంత లావంటే, నలుగురు మోస్తే ఐదోవాడు ఆఫీసు తలుపు ఊడదీయాల్సి వచ్చింది.

పని చిన్నదే. తెర ఎడమ అంచు సముద్రం, కుడి అంచు గట్టు. ఏ పడవ ఎక్కడుందో సంఘం ఆఫీసులో రాతపని చూసే, అందరూ దీదీ అని పిలిచే ఆవిడ మన మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తుంది. ఆ మాటని బట్టి పడవ పేరు ఎడమనో, నడుమనో, కుడినో నిలబడాలి. చిక్కేమిటంటే, తెర మీద పేర్లు, బొమ్మలు పేర్చడానికి ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్కలకి, అంటే లైబ్రరీకి, మాటలు రావు, అంకెలే వచ్చు. ఎడమకి ఒకటి, కుడికి రెండు, నడుమకి నాలుగు. మూడు ఏ తుఫానులో కొట్టుకుపోయిందో నేను అడగలేదు. ‘సముద్రం’ అంటే ఒకటి, ‘గట్టు’ అంటే రెండు, ‘దారి’ అంటే నాలుగు అని మార్చే పన్నెండు వరుసల ముక్క రాసి, పన్నెండు దీవులు జయించినవాడిలా పోర్ట్‌బ్లెయిర్ గోల్ ఘర్ బజారంతా తిరిగాను.

ఈ మూడూ కాని మాట వస్తే? ఏదో ఒక అంకె ఇవ్వాలి కదా అని రెండు ఇచ్చాను. సంఘం పెద్దలు చూడ్డానికొచ్చిన రోజున, ఇంకా ఏ మాటా టైపు చెయ్యని పడవలన్నీ క్షేమంగా గట్టున కనబడితే ముచ్చటగా ఉంటుందని నా ఆలోచన. ఉంది కూడా. చప్పట్లు కొట్టారు.

వానలు మొదలైన నెలలో ఒకనాడు మా మామ తెల్లవారకముందే ఒంటరిగా వేటకి వెళ్ళాడు. పదింటికి రావాలి, పన్నెండయినా రాలేదు. గాలి లేచింది. మావాళ్ళలో ఆలస్యమైన పడవ పేరుని, కీడని, సముద్రంతో కలిపి పలకరు, రాయరు. ఎవరడిగినా ‘వస్తాంది’ అనే అంటారు. దీదీ కూడా ఆ ఇళ్ళలో పుట్టిన మనిషే. పొద్దున్న టైపు చేసిన ‘సముద్రం’ చెరిపి ‘వస్తాంది’ అని పెట్టి, భోజనానికి ఇంటికెళ్ళింది.

నా పన్నెండు వరుసలకి ఆ మాట తెలియదు. రెండు ఇచ్చాయి. మామ పడవ గట్టెక్కింది.

ఒంటిగంటకి మా అత్త వచ్చి తెర చూసి, ఊపిరి పీల్చుకుని, ఇంటికి పోయి అన్నం వండింది. ఎడమవైపు మిగిలిపోయిన పడవల్ని వెతకడానికి సంఘంవాళ్ళు తమ పెద్ద బోటుని రోజూ రెండింటికి పంపేవారు. ఆ రోజు ఎడమవైపు ఏమీ లేదు. బోటు డ్రైవరు టీ తాగాడు.

నాలుగింటికి నేను బస్సు దిగి ఆఫీసులో అడుగుపెట్టేసరికి అత్త కుర్చీ పట్టుకుని ఊగిపోతోంది.

“ఏరా, మీ మామేడ్రా? గట్టంతా ఎతికినాను.”

“కంప్యూటర్‌లో వచ్చినట్టే ఉంది కదత్తా.”

“కంప్యూటర్లో ఉంటే బయటికి తియ్యి!”

దీదీ తను టైపు చేసిన మాట మీద వేలు పెట్టి చూపించింది. “అరే భయ్యా, లేటయిన బోటుకి సముద్రం అని ఎట్లా రాస్తాను? వస్తాంది అని రాసినాను. గలత్ ఏముంది?”

ఆమె తప్పేమీ లేదు. తప్పంతా ఆ పన్నెండు వరుసల్లో, తెలియని మాటకి రెండు ఇచ్చే చిట్టచివరిదానిది. పెద్ద బోటు అప్పుడు బయల్దేరింది. చిటికెడు ఉప్పుని ఉప్పుకొండ చేసి చెప్పే నోరు నాది. ఆ సాయంత్రం అత్త పక్కన రేవు మెట్ల మీద కూర్చుని, బోటు కదలకుండా పోయిన రెండు గంటలని ఆ నోటితో ఎంతకీ తగ్గించలేకపోయాను.

పొద్దు గూకబోతుండగా మామ పడవని తాడు కట్టి లాక్కొచ్చారు. ఇంజను ఆగి, దీవుల వెనక్కి కొట్టుకుపోయాడట. నీళ్ళు తోడి తోడి అరచేతుల తోలు ఊడింది. మెట్లెక్కుతూ నన్ను చూశాడు.

“ఏట్రా, మధ్యాన్నమే నన్ను ఒడ్డున పడేసినావంట? మరి ఇంతసేపూ నీళ్ళు తోడినోడెవడ్రా?”

అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు.

మర్నాడు ఆ చివరి వరుస తీసేశాను. తెలియని మాట వస్తే ప్రోగ్రాం ఏ అంకెనీ ఇవ్వదు, ఆగిపోయి గంట కొడుతుంది. ‘వస్తాంది’కి మాత్రం చోటు ఇమ్మంది దీదీ. ఎడమన అంటే తను ఒప్పుకోలేదు, అది సముద్రమేనట. నడుమన అంటే అత్త ఒప్పుకోలేదు. “దారిలో ఉన్నాడని నువ్వు సూసినావా?” అంది. చివరికి దీదీకి దండం పెట్టి ఎడమనే పెట్టాను, పెద్ద బోటు కదిలేదాకా గంట మోగేట్టు.

అత్త మళ్ళీ ఆ తెర చూడలేదు. మామ వేటకెళ్ళిన రోజు పదింటికల్లా రేవు మెట్ల మీద నిలబడేది. నేను ఎదురైతే, అడక్కముందే “వస్తాంది” అని ముఖం సముద్రం వైపు తిప్పుకునేది.