విభూతి పూసిన ఇంజను

పోయిన ఆదివారం మనవరాలి పుట్టినరోజని మా అమ్మాయి ఇంటిల్లిపాదినీ ఊరికి దక్షిణాన ఉన్న ఉప్పుటేట్లో పడవ షికారుకు తీసుకెళ్ళింది. ఊరికి అవతలి కొసన మేముండే గోరిమేడు నుంచి నన్ను అంతదూరం కదిలించడం సామాన్యమైన పని కాదు. కేకు ఉందని చెప్పి కదిలించారు. తీరా మా వంతు వచ్చేసరికి మోటారు బోటు ఇంజను కింద నూనె కనబడిందనీ, కాసేపు ఆగమనీ చెప్పి, మెకానిక్కు ఒకాయన మూత ఎత్తి, ఇంజనును గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఒక డబ్బాలోంచి తెల్లటి పొడిని దాని ఒంటినిండా బుస్సున చల్లాడు. నూనె ఎక్కడినుంచి కారుతోందో ఆ పొడి తడిసి చూపిస్తుందట, పైదేశపు సరుకట. గట్టు మీద ఉన్నవాళ్ళంతా ఫోన్లు తీసి శ్రద్ధగా వీడియోలు పట్టుకున్నారు గానీ ఒక్కరూ నవ్వలేదు. నేను ఎండ ఎక్కువగా ఉందని చెప్పి టిక్కెట్ల గది నీడలోకి వెళ్ళి కూర్చున్నాను. ఎండ నిజంగానే ఎక్కువగా ఉంది, అది అబద్ధం కాదు.

మన ఈడువాళ్ళకు బి.ఎస్సీ. అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. నాలుగు తరాలుగా ఈ అరవ ఊళ్ళో ఉంటూ, ఇంట్లో తెలుగు మాట్లాడి, బయట అరవంలో బతికే మా వంశంలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేను. తాత పట్టుబట్టి దిద్దించిన అక్షరాల పుణ్యమా అని ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నాను గానీ, ఆ రోజుల్లో నా ప్రతాపమంతా ఇంగ్లీషులోనే ఉండేది. అదే ఉప్పుటేటి గట్టు మీద ఒక పడవల క్లబ్బులో (పేరు ఎందుకులెండి, ఇప్పుడది లేదు) నాకు సూపర్‌వైజరు ఉద్యోగం దొరికింది. దొరికింది అన్నానే, దొరికించినవాడు మా మేనమామ. అమ్మకు తమ్ముడు, అక్కడి మెకానిక్కు. వైతికుప్పంలో చేపల పడవల ఇంజన్లు విప్పి బిగించి, బిగించి విప్పి పని నేర్చినవాడు. పదకొండేళ్ళుగా రోజుకూలీ మీదే ఉన్నాడు. ఆయన్ను పర్మనెంటు చేసే కాగితం అప్పటికి పైఆఫీసుకు చేరింది, ఒక ఆఫీసరు వచ్చి చూసి సంతకం పెట్టడమే తరువాయి. మా అత్త ఆ సంతకం కోసం మొక్కని దేవుడు లేడు.

నా పనుల్లో ముఖ్యమైనది ఇంజన్ల లాగ్‌బుక్కు రాయడం. అది ఇంగ్లీషులోనే ఉండాలని రూలు. సాయంత్రం మామ ఆ రోజు చేసిన పని చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి, కింద ఆయన అరవంలో ఇనిషియలుతో సహా తన పేరు ముగ్గు వేసినంత జాగ్రత్తగా రాసేవాడు. తాను చదవలేనిదాని కింద మనిషి అంత నిబ్బరంగా సంతకం పెట్టడం నాకు అప్పట్లో తమాషాగా ఉండేది.

క్లబ్బులో ఉన్న వాటిలో పెద్దది, అందమైనది ఒక తెల్ల మోటారు బోటు. ఎనిమిది మంది కూర్చోవచ్చు, మెత్తటి సీట్లు, మధ్యలో మూత కింద డీజిలు ఇంజను. సరిగ్గా జనం వచ్చే సెలవుల ముందు దానికి నూనె కారే జబ్బు పట్టుకుంది. అడుగున చేరిన నీళ్ళలో నల్లగా తేలేది, బోటు వెళ్ళిన దారంతా నీటి మీద రంగుల తెట్టు కట్టేది. తెల్ల ప్యాంటుతో ఎక్కిన ఒక పెద్దమనిషి చుక్కల ప్యాంటుతో దిగిన రోజున మేనేజరుకు ఓపిక నశించింది. నూనె ఇంజను వెనక భాగం నుంచి చుక్కలు పడుతోంది కాబట్టి అక్కడ నూనెను బయటికి రాకుండా ఆపే వెనక సీలు పోయిందని ఆయన తీర్మానం. అది మార్చాలంటే ఇంజనునే పైకి లేపాలి, సెలవులన్నీ బోటు గట్టు మీదే ఉండాలి. కాలేజీలో భౌతికశాస్త్రం చదివిన నాకూ అది తర్కబద్ధంగానే తోచింది. మామ మాత్రం ఒప్పుకోలేదు.

"ఏందిరా అల్లుడా, కారే కాడ్నే చూస్తా ఉండావు? ఇల్లు కురిస్తే తడిసిన చాపను తిడతావా? పైన చూడల్లరా, పైన. యాడ పుట్టిందో అది అక్కడ ఉంటుందా?"

పైన ఎక్కడ అని అడిగితే ఆయనకూ తెలియదు. తెలుసుకోవడానికి ఆయన పద్ధతి ఒకటుండేది. ఇంజనును కిరసనాయిలుతో కడిగి, పొడిగా తుడిచి, ఆరనిచ్చి, దాని నిండా విభూతి పూసేవాడు. భక్తి అనుకునేరు, మామ గుడికి వెళ్ళింది నాకు తెలిసి తన పెళ్ళినాడొక్కసారే. విభూతి పిండికంటే మెత్తన, ఇనుముకు అంటుకుని ఉంటుంది, చుక్క నూనె తగిలితే చాలు నల్లబడి దారి చూపిస్తుంది. పైగా ఇంట్లో ఉన్న వస్తువు. అత్త పూజగూట్లోని పొట్లాలు ఒక్కొక్కటే మాయమవుతుంటే ఆవిడ ఊరుకునే మనిషి కాదు. "దేవుడికి లేకుండా ఇంజనుకు పూస్తా ఉండాడు మీ మామ. చూడు, మోక్షం కూడా దానికే వస్తాది" అనేది.

ఆ రోజు బోటును గట్టుకు కట్టి గంటసేపు ఇంజను ఆడించినా పూసిన విభూతి పూసినట్టే ఉంది, ఒక్క గీత పడలేదు. నిలబడి ఉంటే కాదనీ, వేగంగా పోయేటప్పుడు బోటు ముక్కు పైకి లేస్తుంది కనుక ముందు ఎక్కడో ఊరిన నూనె ఇంజను ఒంటిని పట్టుకుని వెనక్కి పాకి అక్కడ చుక్కలవుతోందనీ, రేపు మూత తీసి ఏట్లో ఒక్క చుట్టు వేగంగా తిప్పితే దొరుకుతుందనీ మామ చెప్పాడు. ఇదంతా లాగ్‌బుక్కులో రాయమన్నాడు.

కాలేజీలో నాకు హాస్యగాడినని పేరుండేది. డిగ్రీ కాగితం పెట్టెలో ఉంటుంది, పేరు మాత్రం నోట్లోనూ కలంలోనూ ఉండి ఊరుకోనివ్వదు. మామ చెప్పిన నాలుగు వాక్యాలు పక్కనపెట్టి, మంచి ఆఫీసు ఇంగ్లీషులో నేను రాసింది తెలుగులో చెప్పాలంటే ఇది: ఇంజనుకు విభూతి అలంకారం జరిగినది. స్వామి ఇంకను ప్రసన్నుడు కాలేదు. హారతి రేపు. నూనె కారుట యథాతథము.

"ఏం రాసినావురా?" అన్నాడు మామ.

"నువ్వు చెప్పిందే మామా."

మామ సంతకం పెట్టాడు. ఇనిషియలు చుక్క కూడా మరచిపోలేదు.

మర్నాడు పొద్దున మేనేజరు అది చదివి కడుపుబ్బ నవ్వి, టిక్కెట్ల గదిలో పైకి చదివి వినిపించాడు. నాకు చాలా సంతోషమేసిందని చెప్పుకోవాలి, లేకపోతే ఈ రాతకు అర్థం లేదు. అదే పూట పైఆఫీసు నుంచి ఆఫీసరు వచ్చాడు, అందరూ అనుకున్నదానికంటే నాలుగు రోజులు ముందే. మేనేజరు ఆయన్ను కూడా నవ్విద్దామని పుస్తకం తెరిచి ముందు పెట్టాడు. ఆఫీసరుకు హాస్యం తెలియదు. సంతకం తెలుసు.

మామను పిలిచి ఇది నీ సంతకమేనా అని అడిగాడు. అవునన్నాడు మామ. ఇంజనుకు విభూతి పూశావా అని అడిగాడు. పూశానండీ అన్నాడు మామ, ఇంకా కొంచెం గర్వంగానే, ఎందుకు పూశాడో చెప్పబోతూ. ఆఫీసరు వినలేదు. జనం ప్రాణాలు పెట్టుకుని ఎక్కే బోటును పూజలతో బాగుచేసేవాడికి పర్మనెంటు ఒక్కటే తక్కువైందనీ, రేపటినుంచి రానక్కరలేదనీ చెప్పాడు. మామ నావైపు చూశాడు. కోపంతో కాదు, అల్లుడు చదువుకున్నవాడు కదా, ఇంగ్లీషులో చెబుతాడని. నాలుగు వాక్యాలే, నిన్న సాయంత్రం నా చెవిలో వేసినవే. నేను రాసింది వేళాకోళమని అంటే చాలు. ఉద్యోగంలో చేరి అప్పటికి నాకు ఏడు నెలలు. నేను లాగ్‌బుక్కు మూసి సొరుగులో పెట్టాను. పెట్టించింది ఆ ఉద్యోగమే అనుకుంటాను.

ఇంజను లేపారు, సీలు మార్చారు, దించారు. సెలవులు అయిపోయాయి. బోటు మళ్ళీ నీళ్ళలోకి దిగిన మూడో రోజుకల్లా అడుగున నూనె మామూలుగానే తేలింది. ఒక పొద్దున జనం రాకముందు నేనే ఇంజను కడిగి తుడిచి, వీధి చివర అంగట్లో కొన్న విభూతి పూసి, మూత తీసిపెట్టి, ఏట్లో వేగంగా ఒక్క చుట్టు తిప్పించాను. ముక్కు లేచింది. పది నిమిషాలైనా కాలేదు, ఇంజను ముందు భాగాన, పైన, నూనె ఒత్తిడి చూపే గడియారానికి వెళ్ళే సన్నటి రాగి గొట్టం బిగించిన చోటినుంచి ఒక నల్లటి గీత బయలుదేరి, చీమలబారులా తెల్లటి ఒంటి మీదుగా వెనక్కి నడిచి వెళ్ళి, అందరూ సీలు పోయిందన్న చోట చుక్కై రాలింది. గొట్టం కింది రాగి వాషరు చిట్లింది, అంతే. లాగ్‌బుక్కులో, నూనె కారు చోటు కనుగొని సరిచేయడమైనది అని రాసి, కింద నా సంతకం పెట్టాను. ఎలా కనుగొన్నదీ రాయలేదు. ఆ ఏడాదే నన్ను పర్మనెంటు చేశారు.

మామ అప్పటికి మా ఊరి ఫ్యాక్టరీలన్నీ ఉండే మేట్టుపాళయంలో ఒక షెడ్డులో మూటలు ఎత్తించే పనిలో చేరాడు. ఆయన్ను కలవడానికి, దారి పొడవునా మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. నన్ను చూసి లేచి, చేతులు తుడుచుకుని, స్టూలు ముందుకు జరిపాడు.

"రండి సార్. కూచోండి."

వేళాకోళమనుకున్నాను. మామ ముఖంలో వేళాకోళం లేదు.

"లీకు యాడ ఉండింది సార్?" అన్నాడు. చెప్పాను. తల ఊపాడు. "అంతేగదా. అయిదు నిమిషాల పని." నేనే తడబడుతూ, జరిగిందంతా పైఆఫీసుకు రాస్తాను, ఆ పద్ధతి నీదని రాస్తాను, మళ్ళీ పిలిపిస్తాను అన్నాను.

"వద్దు సార్. మీరు రాసేది నాకు చదవను రాదు."

నిజం చెప్పాలంటే ఆ మాట విన్నప్పుడు సిగ్గుతోపాటు కొంచెం తేలిక కూడా కలిగింది. వద్దన్నాడు కదా అని మానేశాను. అమ్మ అడిగితే కూడా, మామే వద్దన్నాడమ్మా అని చెప్పాను.

తరవాత చాలా ఏళ్ళు బతికాడు మామ. పెళ్ళిళ్ళలో కలిసేవాళ్ళం, పక్కపక్కనే కూర్చుని భోంచేసేవాళ్ళం, నా విస్తట్లో అప్పడం లేకపోతే తనే పిలిచి వేయించేవాడు, సారుకు ఒక అప్పడం అని. తన జన్మలో నన్ను మళ్ళీ ఒరే అనలేదు. ఇప్పుడు మా పిల్లలు మేనమామను అంకుల్ అంటారు, మేనమామలు మేనల్లుళ్ళను బ్రో అంటారు, ఒకరిమీద ఒకరు రోజుకు పది హాస్యాలు ఫోన్లలో రాసి పంపుకుంటారు, కింద ఎవరి సంతకమూ ఉండదు, ఎవరి కూడూ పోదు. కాలం మారడం మంచిదే. నన్ను ఒరే అనగలిగిన పెద్దలు ఒక్కొక్కరే పోయారు, అది అందరికీ ఉన్నదే. మామ విషయంలో మాత్రం, మనిషి పోవడానికి ఇరవయ్యేళ్ళ ముందే ఆ పిలుపు పోయింది.