చదువుకి పలికిన ధర

మా అట్టపెట్టెల ఫ్యాక్టరీలో కటింగ్ మెషిన్ నడిపే ఆయన్ని అందరం పెద్దమామ అనేవాళ్లం. నిజానికి ఆయన మామ అయింది ఒక్కడికే. తండ్రి లేని ఆ మేనల్లుణ్ణి చిన్నప్పటి నుంచీ తనే పెంచాడు, ఓవర్‌టైములు చేసి సోషియాలజీలో ఎమ్మే దాకా చదివించాడు. నేనుండేది వాళ్ల పక్క వాటాలోనే. ఆ చదువు గురించి ఆ ఇంట్లో జరిగిన గొడవలన్నీ గోడ ఇవతల నుంచి విన్నదాన్నే.

సోషియాలజీ అంటే ఏమిటో మాలో ఎవరికీ తెలియదు. బళ్లో చెప్పే సోషలే కాస్త ముదిరి అలా అయిందేమో అనుకుని వాడికి సోషల్ సారు అని పేరు పెట్టాం. పాపం, ఆ సారుకి ఏ బళ్లోనూ ఉద్యోగం రాలేదు. ఒక షాపులో సెల్‌ఫోన్లు అమ్మాడు, ఒక గోదాములో పార్సిళ్లు మోశాడు. ఒకచోట వాడి కాగితాలు చూసి, "ఇంత చదివినవాడివి ఇక్కడ నిలవవు" అని పంపేశారు. అప్పట్నుంచి ఎమ్మే సంగతి దాచిపెట్టి పని అడగడం మొదలుపెట్టాడు. దొంగసొమ్ము దాచినట్టు డిగ్రీ దాచుకున్నవాణ్ణి నేను వాణ్ణొక్కణ్ణే చూశాను.

"ఆ డబ్బుతో రెండు కుట్టుమిషన్లు కొనుంటే ఈపాటికి ఇల్లు గడిచేది" అని పెద్దమామ భార్య, మా అందరి అత్తయ్య, సణిగేది. పెద్దమామ ఆవిడకి ఎదురు చెప్పేవాడు కాదు. కానీ అప్పుడప్పుడూ వాణ్ణి కూర్చోబెట్టి అడిగేవాడు.

"ఒరేయ్, ఆ చదువుకి ఎక్కడో ఒకచోట విలువ కట్టేవాడు ఉండడంటావా?"

ఎగతాళికి కాదు, ఆయనకి నిజంగానే తెలుసుకోవాలని ఉండేది. వాడు తల దించుకునేవాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది, ఎవరి మీదో మాత్రం తెలిసేది కాదు.

చివరికి పెద్దమామే మేనేజరు కాళ్లావేళ్లా పడి, మా ఫ్యాక్టరీలో హాజరు రాసే పనికి వాణ్ణి తీసుకునేలా ఒప్పించాడు. మేనేజరు వాడి కాగితాలు తిరగేస్తూ ఎమ్మే దగ్గర ఆగాడు.

"సోషియాలజీయా! మనుషుల్లో ఎవరు ఎవరితో ఉంటారో, ఎవరి మాట ఎవరు వింటారో బొమ్మ గీసి చూపిస్తారట కదా. నీకొచ్చా?"

వచ్చన్నాడు వాడు. సిబ్బంది బాగోగుల కోసమని చెప్పి, గుమాస్తాకిచ్చేదానికి రెట్టింపు జీతం ఖాయం చేశాడు మేనేజరు. ఆ సాయంత్రం వాడు ఇంటికొచ్చి ఏడ్చాడు. పెద్దమామ కూడా ఏడ్చాడు. కుట్టుమిషన్ల మాట అత్తయ్య మళ్లీ ఎత్తలేదు.

కొన్ని వారాలపాటు వాడు మాతోపాటే భోజనాల గదిలో కూర్చున్నాడు. ఒక్కొక్కరినీ పలకరించి, "నీకు కష్టమొస్తే ముందు ఎవరికి చెప్పుకుంటావు?" అని అడిగేవాడు. ఎంత మర్యాదగా అడిగేవాడో! మమ్మల్ని ఆ మాట అడిగిన ఆఫీసువాడు అంతకుముందు ఒక్కడూ లేడు. బిడ్డకి జ్వరమొస్తే షిఫ్టు మార్పించేదెవరు, సూపర్‌వైజరు నోరు పారేసుకుంటే వెళ్లి నిలదీసేదెవరు, ఇద్దరు జుట్టూజుట్టూ పట్టుకుంటే విడదీసేదెవరు. అందరం పెద్దమామ పేరే చెప్పాం.

బొమ్మ పూర్తయ్యాక ఇంటికి తెచ్చి నేల మీద పరిచాడు. మనిషికో చుక్క, చుక్కకీ చుక్కకీ మధ్య గీతలు. గీతలన్నీ వచ్చి మధ్యలో ఒక చుక్క చుట్టూ ముసురుకున్నాయి.

"ఈ నడిమి సాలీడు ఎవర్రా?" అన్నాడు పెద్దమామ.

"నువ్వే మామయ్యా."

పెద్దమామ మోకాళ్ల మీద వంగి చాలాసేపు చూసుకున్నాడు. "నాకింత పలుకుబడి ఉందని నాకే తెలీదు. చూశావా అమ్మాయ్, మా వాడి చదువు!" అన్నాడు నాతో. నేనూ మురిసిపోయాను.

కొత్త యంత్రాలొస్తున్నాయని, మనుషులు ఎక్కువయ్యారని కొన్నాళ్లకే నోటీసు పెట్టారు. సగం మందికి మూడిందనుకున్నాం. ముందు తీసింది నలుగురినే. అందులో మొదటివాడు పెద్దమామ, మిగిలిన ముగ్గురూ ఆయన తర్వాత ఎక్కువ గీతలు చేరినవాళ్లు. తీయదలచిన మిగతావాళ్లని ఆ తర్వాత తీరుబడిగా తీశారు. ఎవరి దగ్గర మొరపెట్టుకోవాలో తెలియక ఎవరికి వాళ్లే సంచీ సర్దుకుని గేటు దాటిపోయారు. నన్ను ఉంచారు. నా చుక్క దగ్గరికి ఒక్క గీతైనా రాలేదట.

ఆ నలుగురి పేర్లు అంటించిన సాయంత్రమే సోషల్ సారు రాజీనామా రాసుకుని పెద్దమామ ముందు నిలబడ్డాడు. వాణ్ణి నాలుగు దులుపుదామనే నేనూ వెళ్లాను. వాడి ముఖం చూశాక గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"మన బాగోగుల కోసమన్నారు మామయ్యా. ఒట్టు, నాకు తెలీదు."

"నీకు తెలీదని నాకు తెలుసులేరా. ముందా కాగితం చించెయ్. నీ జీతం కూడా పోతే అద్దె ఎవరు కడతారు?"

వాడు చించేశాడు. అత్తయ్య వంటింట్లోంచి బయటికి రాలేదు. నాకు మేనేజరు మీదా, ఆ చదువు మీదా, ఆ ప్రశ్నకి ఉబ్బిపోయి జవాబిచ్చిన మా అందరి మీదా ఒకేసారి అసహ్యం పుట్టింది.

కంపెనీ వాడికి జీతం పెంచింది. పక్క ఊళ్లో ఉన్న రెండో ఫ్యాక్టరీకి వెళ్లి అలాంటి బొమ్మే గీసుకురమ్మంది. బయల్దేరే రోజు పొద్దున పెద్దమామ వీధి గుమ్మం దాకా వచ్చాడు. ఉద్యోగం పోయినప్పట్నుంచీ ఆయన గడ్డం గీసుకోవడం మానేశాడు.

"అక్కడా నాలాంటివాడు ఒకడుంటాడురా. వాడి దగ్గరికొచ్చే గీతలు కొన్ని తగ్గించి గియ్యకూడదూ?"

"ఈసారి కంపెనీవాళ్లూ విడిగా వాకబు చేసి సరిచూసుకుంటారట మామయ్యా. తేడా వస్తే నన్ను తీసేస్తారు."

మా ఫ్యాక్టరీలో ఎంతమంది తరపునో వెళ్లి మాట్లాడిన మనిషి ఆయన. ఆ ముఖం తెలియనివాడి కోసం కూడా ఇంకొక్క మాట అంటాడని నేను నా గుమ్మంలో నిలబడి ఎదురుచూశాను.

"అయితే ఉన్నది ఉన్నట్టే గియ్యి" అన్నాడు.