చేతికివ్వని మిరపకాయలు

మా వ్యాను మలేషియా బ్రిడ్జి ఎక్కనే లేదు. సింగపూర్ చివర యూ టీ అనే పేట దగ్గరికి వచ్చేసరికి ముందు నుంచి ఆవిరి కక్కుకుంటూ రోడ్డు పక్కన కూలబడింది.

దాన్ని వ్యాను అంటే మావారికి కోపం. చక్రాల ఇల్లు అనాలి. టాంపినీస్‌లో మా కింది అంతస్తులో ఉండే అంకుల్‌ది ఆ బండి. తాతల కాలంలోనే సింగపూర్ వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు వాళ్ళు. ఒకప్పుడు ఆయన దాంట్లో పెళ్ళి భోజనాలు చేరవేసేవారట. ఆ పని మానేశాక వెనకాల పరుపు, మడత బల్ల, గ్యాసు పొయ్యి, నీళ్ళ డబ్బా పెట్టించి, ఆంటీని ఎక్కించుకుని మలేషియా అంతా తిరిగొచ్చారు. నాలుగు రోజుల సెలవుకి మాకు తాళాలిచ్చారు. అందులోనే వండుకుంటూ, అందులోనే పడుకుంటూ కొండల మీద తేయాకు తోటల దాకా వెళ్ళి రావాలని మా ప్లాను.

మా ప్లాను కాదు, మావారి ప్లాను. నా మనసులో ఇంకోటుంది.

ఐటీ ఉద్యోగాలు మంచి ఊపు మీదున్న రోజులవి. ఆయన చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ చూసేవారు. కాంట్రాక్టు ఇంకో రెండేళ్ళు పొడిగిస్తామన్నారు, సెలవు నుంచి రాగానే సోమవారం సంతకం పెట్టాలి. నేనేమో కాకినాడలో ఒక కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. జీతం లేని సెలవు పెట్టి ఆయన వెంట వచ్చి మూడేళ్ళవుతోంది. ఆ నెలాఖరుకి చేరకపోతే ఉద్యోగం పోతుంది. చేరతానని ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాసి పోస్టు డబ్బాలో వేసి పది రోజులైంది. మావారికి మాత్రం చెప్పలేదు. తేయాకు తోటలు చూపిస్తే నా మనసు మెత్తబడుతుందని ఆయన ఆశ. దారిలో ఎక్కడో ఒకచోట చెప్పేయాలని నేను.

ఆ పొద్దున సామాన్లు ఎక్కిస్తూ చల్లమిరపకాయల పొట్లం ఆయన చేతికివ్వబోయాను. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

"మిరపకాయలు చేతికిస్తావేంటి? గొడవలొస్తాయి."

మా వైపు ఉప్పూ మిరపకాయలూ చేతిలోంచి చేతిలోకి ఇచ్చుకోరు. ఒకరు కింద పెడితే రెండోవాళ్ళు తీసుకుంటారు. బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ రాసే మనిషికి ఈ పట్టింపేమిటని నాకు ఒళ్ళు మండింది. "ఉన్నవి చాలవా, కొత్తగా వచ్చేవేంటి?" అని పొట్లం ఆయన అరచేతిలో కుక్కాను. ఇంకేముంది, మొదలైంది. ఈ దేశంలో చూడ్డానికేముందండీ, ఒకే బిల్డింగుని నంబర్లు మార్చి వెయ్యిసార్లు కట్టారు అని నేను. మూడేళ్ళలో నువ్వెప్పుడు చూశావు, మార్కెట్టు నుంచి ఇంటికీ ఇంటి నుంచి మార్కెట్టుకీ తప్ప అని ఆయన. బండి ఆగేదాకా మా నోళ్ళు ఆగలేదు. అది ఆగినందుకు లోపల్లోపల సంతోషించాను కూడా.

లాక్కెళ్ళే బండి వచ్చి మమ్మల్ని దగ్గర్లో ఒక షెడ్డుకి చేర్చింది. మెకానిక్కు పెద్దాయన. బానెట్టు కింద టార్చి వేసి చూసి, నీళ్ళు తిప్పే పంపు పోయిందని, కొత్తది తెప్పించి వేయాలంటే నాలుగు గంటలని చెప్పాడు. మా ఇద్దరి మొహాలూ చూసి "పోండి, మకాన్ చేసి రండి" అన్నాడు. మకాన్ అంటే భోజనం. ఆ మాట ఇక్కడ అన్ని రోగాలకీ మందు. మావారు బండిని వదిలి రానన్నారు. అంకుల్ వస్తువు, ఏమైనా అయితే మాటొస్తుందట. మీరు కాపలా కాయండి, నేను ఊరు చూసొస్తానని బయల్దేరాను. పౌరుషానికే వెళ్ళాను.

షెడ్డుల వీధి దాటితే ఒక పెద్ద కాలువ. అందులో నీళ్ళు తక్కువ, గట్టు వాలు మీద ఎండకాగుతూ ఒక ఉడుము. మా అమ్మమ్మగారింటి తోటలో ఉండేదానిలాంటిదే, కాకపోతే ఇది మనుషుల్ని చూసి పారిపోదు. నేనాగితే అదీ ఆగి నన్ను చూసింది. ఇద్దరం అలా కాసేపు ఒకళ్ళనొకళ్ళు పరీక్షించుకున్నాం. ఆ తర్వాత నాకు తెలియకుండానే చూడ్డం మొదలుపెట్టాను. ఊరంతా కలిపి ఒక రైలు స్టేషను, దాని చుట్టూ ఫ్లాట్ల బ్లాకులు, ఈ చివర నుంచి ఆ చివరకి గట్టిగా అరగంట నడక. టాంపినీస్ ముందు పిల్ల ఊరు. ఒక బ్లాకు కింద ఖాళీలో నలుగురు ముసలాళ్ళు పంజరాలు వేలాడదీసుకుని, ఎవరి పిట్ట ముందు కూస్తుందా అని ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. కిటికీల్లోంచి వెదురు కర్రలు బయటికి పొడుచుకొచ్చి, వాటి మీద బట్టలు ఆరుతున్నాయి. ఒక కర్రకి వరసగా ఏడు తెల్ల చొక్కాలు. ఏడింటికీ మనిషి ఒక్కడా, ఏడుగురా అని చాలాసేపు ఆలోచించాను.

అప్పుడు కనిపించాయి మొక్కలు. ఒక బ్లాకు రెండో అంతస్తులో, వరండా పొడుగునా కుండీలు. కింద నుంచి చూస్తే మిరప మొక్కల్లా ఉన్నాయి, కాయలేమో ఆకాశం వైపు నిలబడి ఉన్నాయి. బోటనీ చెప్పినదాన్ని ఎలా ఊరుకుంటాను? మెట్లెక్కేశాను. వంగి, కాయ తొడిమె పట్టుకుని చూస్తుంటే వెనకాల ఎవరో దగ్గారు.

డెబ్భై దగ్గర పడ్డ చైనా ఆంటీ. చేతిలో నీళ్ళ మగ్గు. దొంగ దొరికిపోయినట్టయింది నా పని. "చూస్తున్నానంతే, ఆంటీ" అన్నాను. ఆవిడ నా బొట్టునీ మెడలో సూత్రాలనీ కాసేపు చూసి, గుప్పెడు కాయలు కోసింది. చిటికెన వేలిలో సగం లేవు, ఘాటు మాత్రం ముక్కుకి తగులుతోంది. నేను చెయ్యి చాపాను. ఆవిడ నా చేతిని పట్టించుకోకుండా, కాయల్ని తలుపు పక్కనున్న ఎర్ర స్టూలు మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది.

నా మొహం మాడిపోయింది. తాకితే అంటుకుంటానా అనుకున్నాను. వెనక్కి తిరగబోయాను కూడా.

"తీసుకో లా," అంది ఆవిడ తన ముక్కల ఇంగ్లీషులో, ఇక్కడివాళ్ళు ప్రతి మాట చివరా తగిలించే 'లా'తో సహా. "మీవాళ్ళకి మిరపకాయ చేతిలో పెట్టకూడదు. పెడితే పోట్లాట. నాకు తెలుసు."

మళ్ళీ ఆవిడ వైపు తిరిగాను.

ఈ ఫ్లాట్లు రాకముందు ఈవిడ దగ్గర్లోనే రేకుల ఇళ్ళ పల్లెలో ఉండేదట. పక్కింట్లో ఒక తెలుగావిడ. ఇద్దరికీ కలిసే భాష మలయే, అదీ బజారు మలయ్. ఒకే నుయ్యి, ఇటు కోళ్ళు అటు, అటు పిల్లలు ఇటు. ఈవిడ మిరప మొక్కలు పెంచితే ఆవిడ కాయలకి వచ్చేది, ప్రతిసారీ నూతి గట్టు మీద పెట్టించుకునే తీసుకునేది. పధ్నాలుగేళ్ళు అలా ఇచ్చానంది. తర్వాత గవర్నమెంటు ఆ నేల తీసుకుంది. అందరూ సామాన్లు సర్దుకుంటున్న రోజు ఆ తెలుగావిడ చివరిసారి వచ్చింది. లారీ హారను కొడుతోంది. ఈవిడ కంగారులో కాయలు కోసి చేతిలో పెట్టేసింది.

"తర్వాత ఎప్పుడూ కనపళ్ళేదు. ఎక్కడికెళ్ళిందో తెలీదు. ఫోన్ నంబరు లేదు, ఏమీ లేదు." మగ్గు కింద పెట్టి నా కళ్ళలోకి చూసింది. "నువ్వు వాళ్ళ మనిషివి. చెప్పు. అందుకేనా?"

అదంతా వట్టి మూఢనమ్మకం ఆంటీ అని చెప్పాల్సింది. క్లాసులో పిల్లలకి అదే చెప్పేదాన్ని. ఆవిడ మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళుగా ఆ తప్పు తనదేననుకుని మోస్తోంది. నాకు ఏడుపొచ్చింది. ఏం తోచక అక్కడికక్కడే ఒక శాస్త్రం పుట్టించాను.

"దానికి విరుగుడుంది ఆంటీ. పొరపాటున చేతికిస్తే, మళ్ళీ వెనక్కి తీసుకుని, కింద పెట్టి ఇస్తే చెల్లిపోతుంది."

"ఆమె లేదు కదా?"

"ఆమె తరఫు వాళ్ళెవరికిచ్చినా సరిపోతుంది."

ఆవిడ స్టూలు మీది కాయల్ని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. స్టూలుని చెంగుతో, అదే, చొక్కా అంచుతో తుడిచింది. ఒక్కొక్క కాయా పక్కపక్కన పేర్చింది. పేర్చి, వెనక్కి జరిగి, చేతులు కట్టుకుని నిలబడింది. నేను రెండు చేతులతో తీసుకున్నాను. ఆవిడ పెద్దగా ఊపిరి వదిలి, మగ్గు తీసుకుని ఏమీ జరగనట్టు మొక్కలకి నీళ్ళు పోయడం మొదలుపెట్టింది.

షెడ్డుకి వచ్చేదాకా నా బుర్రలో ఒకటే. వాళ్ళకి పోట్లాటే లేదు, లారీ తొందర తప్ప. మాకు పోట్లాటా ఉంది, దాని వెనక నేను దాచిన ఉత్తరమూ ఉంది. చెప్పకుండా ఒకరోజు పెట్టె సర్దుకుని వెళ్తే నేను ఏ లారీ ఎక్కినట్టు?

బండి బాగయింది. మావారు స్టీరింగు ముందు కూర్చుని, మొహం ముడుచుకునే, "భోంచేశావా?" అని అడిగారు.

"పొద్దున చేతికిచ్చిన పొట్లం ఇలా ఇవ్వండి."

ఆయన వింతగా చూసి ఇచ్చారు. దాన్ని మా ఇద్దరి మధ్య సీటు మీద పెట్టాను. "ఇప్పుడు తీసుకోండి. పొద్దుటిది చెల్లిపోతుంది."

"ఇదెక్కడి శాస్త్రం?"

"యూ టీలో పుట్టింది. ఇందాకే." ఆంటీ సంగతంతా చెప్పాను. ఆయన నవ్వబోయి, పొట్లం మీద చెయ్యి వెయ్యబోతుంటే ఆపాను. "ఆగండి. తీసుకునే ముందు ఒకటి వినండి. కాలేజీలో చేరతానని ఉత్తరం రాసేశాను. పది రోజులైంది. మీకు చెప్పకుండా రాయడం తప్పే. వెళ్ళడం మాత్రం తప్పు కాదు."

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. అది వచ్చినా బాగుండేది.

"ఇది తీసుకుంటే నేను ఒప్పుకున్నట్టా?" అన్నారు.

"కాదు. పోట్లాడి పంపలేదని."

పొట్లం సీటు మీదే ఉండిపోయింది. అలాగే మలేషియా వెళ్ళాం, అలాగే తేయాకు తోటలు చూశాం. సోమవారం ఆయన రెండేళ్ళకి కాకుండా ఏడాదికి సంతకం పెట్టొచ్చారు. దాని గురించి ఎక్కువ మాట్లాడలేదు.

నెలాఖరున ఎయిర్‌పోర్టులో, నేను లోపలికి వెళ్ళే ముందు, ఆయన జేబులోంచి ఒక చిన్న కాగితం పొట్లం తీశారు. విప్పి చూపించారు. ఎండిన మిరపకాయలు, చిటికెన వేలిలో సగం లేవు.

"నిన్న ఆఫీసు నుంచి ట్రైనెక్కి వెళ్ళొచ్చాను. రెండో అంతస్తు, మొక్కలున్న ఇల్లు. నీ భర్తనని చెబితే ఆంటీ నువ్వెక్కడని అడిగింది. ఊరెళ్తోందన్నాను. విత్తనాలకని ఇవి నీకివ్వమంది." పొట్లం మళ్ళీ మడిచారు. "చేతికి మాత్రం ఇవ్వొద్దని మూడుసార్లు చెప్పింది."

నా పెట్టె మీద పొట్లం పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డారు.