చచ్చిన ముక్కుకు తగిలిన మందు వాసన

దయ్యాలున్నాయని నా ముందర ఎవరన్నా అంటే ఈ వయసులో కూడా కర్ర పట్టుకుని లేస్తాను. దయ్యం పేరు చెప్పి మా ఇంటి మనిషిని ఎంత ఏడిపించారో చూసినవాణ్ణి. నేను బడికి పోలేదు. మార్కాపురం దగ్గర పలకల గనిలో పని చేస్తూ, పగిలిన పలకల మీద నా అంతట నేనే అక్షరాలు దిద్దుకున్నాను. తర్వాత చేతికి దొరికిన కాగితమల్లా చదివాను. కింద రాసేది ఎవరో చెప్పగా విన్నది కాదు. నాకు జరిగింది.

ముందు నా ముక్కు సంగతి చెప్పాలి. ఏడేళ్ళప్పుడు అమ్మవారు పోసింది. బతికాను గానీ ఆనాటి నుంచి ఏ వాసనా తెలియదు. గనిలో తోటివాళ్ళు ఒకసారి నా సద్దిమూట పక్కన చచ్చిన ఎలుకను పెట్టి, నేను తీరిగ్గా అన్నం తింటుంటే చూసి పడీపడీ నవ్వారు. అంతగా చచ్చిన ముక్కు అది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. నల్లమల కింది ఊళ్ళలో చలిజ్వరం ఎక్కువ. దాన్ని పోగొట్టడానికి దోమల మందు కొట్టేవాళ్ళు ఖాకీ బట్టలతో, బకెట్లతో, చేతిపంపులతో ఊరూరా తిరిగేవారు. గోడలకు తెల్లటి మందునీళ్ళు కొట్టి, వాకిలి తలుపు మీద ఎర్రటి గేరుమట్టితో తేదీ రాసిపోయేవారు. జ్వరాలు తగ్గాయి, ఆ మాట కాదనను.

మా నడింటి గోడలో దేవుని గూడు ఉంది. దానికి సున్నం తప్ప ఇంకేదీ తగలకూడదని మా అమ్మ పట్టు. జానెడు గోడ కూడా వదిలేది లేదని వాళ్ళ పట్టు. నడుమ నేను తెలివి చూపించాను. నా భార్య రమణమ్మను పిలిచి, "నువ్వు పోయి గూటి ముందర కొంగు పరిచి నిలబడు. వాళ్ళ పంపు వాళ్ళు కొట్టుకుంటారు, దేవునికి మందు తగలదు" అన్నాను.

"ఆ వాసనకే నాకు కడుపులో తిప్పుతాంది" అందామె.

"వాసనేంది, తెల్లనీళ్ళు! నిలబడు."

నిలబడింది. గూటి మీద పడాల్సిన మందంతా ఆమె జుట్టు మీద, మొహం మీద పడింది.

ఆ వారంలోనే మొదలైంది. మొదట కిరసనాయిలు బుడ్డి వెలిగిస్తే తల పగిలిపోతోందనేది. తర్వాత బీడీ పొగ, బట్టల సబ్బు, కొత్త గుడ్డల గంజి, ఏది ముక్కుకు తగిలినా ఆయాసం, గుండెదడ. ఇంట్లో కూర్చుని నాలుగు మెతుకులు తినలేకపోయేది. పెళ్ళిళ్ళకు పోవడం మానేసింది. సంత మానేసింది. గొర్రెల దొడ్డి పక్కన మాత్రం కుదురుగా ఉండేది. గొర్రెల కంపు పడుతుంది గానీ సబ్బు వాసన పడదా అని ఊరంతా నవ్వింది.

"మావి ముక్కులు కావా? పని ఎగ్గొట్టేదానికి మా కోడలికి కొత్త రోగం దొరికింది" అని మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. దయ్యం వదిలిస్తానని ఒకాయన వచ్చి సాంబ్రాణి పొగ వేశాడు. ఆ పొగకు ఊపిరాడక రమణమ్మ వాకిట్లో గిలగిల కొట్టుకుంటే, దయ్యం బయటపడిందన్నారు! టౌనులో డాక్టరు నరాల బలహీనత అని టానిక్కు రాశాడు. ఆ సీసా మూత తీస్తేనే ఆమెకు కళ్ళు తిరిగేవి.

ఇంతమందిని తిడుతున్నాను, నేనేం తక్కువ? నాకు తెలియనిది లోకంలో లేదనుకున్నాను.

మరుసటి ఏడు మందువాళ్ళు ఎల్లుండి వస్తారని దండోరా పడింది. రమణమ్మ నా దగ్గరకొచ్చి కూర్చుంది.

"ఈసారి కొడితే నేనింక ఈ ఇంట్లో బతకను. ఈ ఒక్క ఇల్లు వదిలేయమని వాళ్ళకు చెప్పు. లేదంటే పెద్దారవీడుకు మా నాయన దగ్గరికన్నా పంపు."

ఎల్లుండి కదా, చూద్దాంలే అన్నాను.

తెల్లవారి గనిలో రాయి పొరలు విడదీస్తున్నాను. పొద్దు నడినెత్తికొచ్చింది. ఉన్నట్టుండి ముక్కులోకి ఏదో దూరింది. దుమ్మనుకుని చీదాను. పోలేదు. చేదుగా ఉంది, గొంతు వెనక గీరుతోంది, అడుగున ఏదో వెగటు తీపి. పక్కన పలకలు చెక్కే మస్తానును అడిగాను.

"ఏందిరా ఇది? నీ ముక్కుకేమన్నా తగుల్తాందా?"

వాడు ఎగబీల్చి చూశాడు. "రాతిదుమ్ము తప్ప ఏం లేదు మామా. అయినా వాసన సంగతి నువ్వు నన్ను అడిగేదేంది? ఎండకు మెదడు కరిగిందా?"

నవ్వబోయి, నా కళ్ళ వెంట నీళ్ళు కారడం చూసి ఆగిపోయాడు. నేను సుత్తి పడేసి ఇంటికి పరుగెత్తాను. ఇంటికే ఎందుకంటే చెప్పలేను. మైలున్నర దూరం. గాలి ఊరివైపు నుంచి కూడా రావడం లేదు, నా వీపు వెనక నుంచి వీస్తోంది.

తలుపు మీద గేరు రాత ఇంకా తడిగా ఉంది. ఒక రోజు ముందే వచ్చి పోయారు. అమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది.

"రమణమ్మ ఏదీ?"

"వాళ్ళను చూస్తానే ఎటో ఉరికింది. నీ పెళ్ళాం నాటకాలు నీకు తెలీవా?"

లోపలికి పోయాను. నడింట్లో ఆ వాసన ఒక మాదిరిగా ఉంది. వెనక గింజల కొట్టుగది తలుపు దగ్గర నిలబడలేనంతగా ఉంది. తలుపుకు లోపల గడియ. తన్ని తెరిచాను. మందు తప్పించుకోవాలని ఆమె అక్కడ దాక్కుంది. తలుపు తెరుచుకోకపోయేసరికి మందువాళ్ళు కిటికీలోంచి గొట్టం దూర్చి కొట్టిపోయారు, లోపల మనిషి ఉందని తెలియక. జొన్న బస్తాల మధ్య పడి ఉంది. పెదవులు నీలంగా తిరిగాయి.

భుజాన వేసుకుని గొర్రెల దొడ్డి దగ్గరికి మోసుకుపోయాను. చాలాసేపటికి ఊపిరి తిన్నగా ఆడింది. ఆమె కళ్ళు తెరిచేసరికి నా ముక్కు మళ్ళీ చచ్చింది. ఇంట్లోకి పోయి తడిగోడకు ముక్కు ఆనించి చూశాను. ఏమీ లేదు.

నాకు తగిలింది ఎట్లా ఉందో ఆమెకు చెప్పాను. చేదు, గొంతులో గీరుడు, అడుగున తీపి. ఆమె మోచేతి మీద పైకి లేచింది.

"ఆ తీపి సంగతి నేను ఎవరికీ చెప్పలేదే" అంది.

"నన్ను పిలిచినావా?"

"పిలిచేదానికి నోరెక్కడ లేచింది? ఇది ఒక్కసారి నీకు తెలిస్తే సాలు అనుకున్నా. అంతే."

దొడ్డి పక్కన బోదగడ్డి కప్పి, మందు తగలని గుడిసె నా చేతుల్తో వేశాను. ఏటా మందువాళ్ళు వచ్చినప్పుడు దాని వాకిట్లో చేతులు చాచి నిలబడి, కొడితే నా మీద కొట్టండి అనేవాణ్ణి. బీడీ కాల్చేవాళ్ళను దూరం నుంచే తరిమేవాణ్ణి. ఆమె దయ్యం నాకూ పట్టిందన్నారు. అననీ. ఆ గుడిసెలో ఆమె కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి చాలా ఏళ్ళు బతికింది.

చదువుకున్న ఒకాయన అదంతా పాత జ్ఞాపకం అన్నాడు. ఆ మందు మా ఊరికి రాకముందే చచ్చిన ముక్కు నాది, దానికి ఏ జ్ఞాపకం? ఆమె గురించిన బెంగ అన్నాడు ఇంకొకాయన. అంత బెంగే ఉంటే చూద్దాంలే అని గనికి పోతానా?

ఆమె పోయాక పాత చీర ఒకటి దాచుకున్నాను. అప్పుడప్పుడు ముక్కుకు పెట్టుకుంటాను. అన్నేళ్ళు కాపురం చేసినా ఆమె వాసన ఎట్లా ఉండేదో నాకు తెలియదు. ఆమెను చంపబోయిన వాసన ఒక్కటే తెలుసు. అదెట్లా తెలిసిందో ఎవరన్నా చెప్తే కూర్చుని వింటాను. దయ్యం అని మాత్రం అనొద్దు.